అక్క ఆది చెల్లెకు పనికిరాదు

మా అత్తమ్మ పోయింది. పొద్దున పాలు స్టవ్ మీద పెట్టి నిలబడ్డప్పుడు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. నేనే ఎత్తాను. అవతల నర్సు మాట పూర్తి చేయకముందే నాన్న నా మొహం చూసి, వచ్చి స్టవ్ ఆపేసి, కుర్చీలో కూర్చున్నాడు. ఎవరు చేశారని కూడా అడగలేదు. బయట వీధిలో ఆడవాళ్ళు సాయంత్రం బతుకమ్మకని తంగేడు పూలు బేరమాడుతున్నారు. ఆ సాయంత్రం వాళ్ళు కట్టుకోబోయే చీరల మీదికి జాకెట్లు సగం మా అత్తమ్మ కుట్టినవే.

అత్తమ్మ అంటే మేనత్త, నాన్నకు స్వయానా చెల్లెలు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్‌నగర్ వైపు తిరిగే ఒక సందులో, మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఆమె టైలరింగ్ షాపు. మీరు ఈ చుట్టుపక్కల వారైతే మీకో, మీ అక్కకో, మీ కోడలికో ఆమె టేపు ఒక్కసారైనా తగిలే ఉంటుంది. అందుకే మీకు రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి నా ఓపిక అయిపోయింది.

ఆమెను కాలిన రోగుల వార్డులో ఉంచారు. దాంతో పలకరించడానికి వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "సిలిండర్ పేలిందా?" "ఇస్త్రీ పెట్టె షాక్ కొట్టిందా?" ఒకావిడైతే నన్ను పక్కకు తీసుకుపోయి, "నిజం చెప్పు బిడ్డ, ఒంటి మీద పోస్కున్నదా?" అని చెవిలో అడిగింది. కాలలేదమ్మా, గోలి వేసుకుంది అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి తల నిమిరింది. దుఃఖంలో మతి పోయిందనుకుంది కాబోలు.

ఒకసారి కాగితం మీద పెడతాను, అందరూ చదువుకోండి. మా అత్తమ్మ కాలి చనిపోలేదు. ఒక మందు గోలి వల్ల చనిపోయింది. అది కల్తీ గోలి కాదు. తేదీ దాటింది కాదు. మోతాదు మించి మింగిందీ కాదు. మంచి గోలి. మా నాన్నను ఇన్నేళ్ళుగా నిలబెట్టిన గోలి.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకు, "ఊరందరి పెండ్లి జాకెట్లు కుట్టుకుంట నా జాకెట్ కుట్టుకునెటందుకు నాకు తీరికేది?" అనేది. మా ఇంట్లోనే, పై గదిలో ఉండేది. పొద్దునే కిందికి దిగి నాన్నతో కలిసి చాయ్ తాగేది. ఇద్దరూ పేపర్లో చావు ప్రకటనలు చూసేవాళ్ళు. అదొక సరదా వాళ్ళకు. "మనకన్న చిన్నోడేనే" అని నాన్న వేలు పెట్టి చూపిస్తే, ఆమె కళ్ళజోడు సర్దుకుని ఫోటో పరీక్షగా చూసి, "టైమ్‌కు తినడు కావచ్చు" అని తీర్పు ఇచ్చేది. ఆమె ఫోటో పేపర్లో వేయించలేదు. ఆ పేజీ నాన్న ఎలా చూస్తాడు?

షాపులో ఆమె మెడలో టేపు, బొడ్లో సుద్దముక్క, పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు. సూదులు పెదాల్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది కూడా. చూసేవాళ్ళకు గుండె జారిపోయేది కానీ ఒక్కటీ ఎన్నడూ గుచ్చుకోలేదు. కత్తెర చేతికి అందకపోతే దారం పళ్ళతో కొరికేది. కొలత తీసుకునేటప్పుడు ఆడవాళ్ళు మామూలుగా చేసే పని ఆమెకు బాగా తెలుసు. "కడుపు లోపటికి గుంజకు. పెండ్లిల అన్నం తినవా? మామూలుగ నిలవడు" అనేది. పట్టుచీర పట్టుకుని గంభీరంగా వచ్చిన పెద్దింటి ఆడవాళ్ళు కూడా ఆ మాటకు పకపకా నవ్వి ఊపిరి వదిలేవాళ్ళు. అప్పుడు టేపు బిగించేది.

అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే అమ్మాయిలు ఆమెకు మరో ప్రపంచం. మెస్సు తిండికి ఒకరు చిక్కిపోయేవారు, కూర్చుని కూర్చుని ఒకరు ఒళ్ళు చేసేవారు. అందరి డ్రెస్సుల్లోనూ లోపల కుట్టు పక్కన కాస్త గుడ్డ ఎక్కువే వదిలేది. "మనిషి ఉన్నకాడ ఉండదు బిడ్డ. రేపటికింత జాగ ఇడ్సిపెట్టాలె" అని వాళ్ళకు చెప్పేది. రిజల్టు వచ్చిన రోజు ఏడుస్తూ మెట్లెక్కి వచ్చిన వాళ్ళు, స్వీటు డబ్బాతో ఎక్కి వచ్చిన వాళ్ళు, ఇద్దరూ ఆ కోత బల్ల పక్కనే కూర్చుని చాయ్ తాగేవాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినేది కాదు. ఆది. సరిగ్గా సరిపోయే పాత జాకెట్టును కొలతకు ఇవ్వడాన్ని మనం ఆది ఇవ్వడం అంటాం కదా. ఎవరి ఆది వాళ్ళు తేవాలి. వీలైతే ఆది కూడా వద్దు, మనిషే రావాలి. బర్కత్‌పుర నుంచి కవల అక్కచెల్లెళ్ళు వచ్చేవాళ్ళు, ముక్కు మీద పుట్టుమచ్చ తప్ప తేడా తెలియదు. ఒకసారి అక్క ఒక్కతే వచ్చి, తన జాకెట్టే ఇచ్చి, "ఇద్దరిదీ ఇదే కొలత అత్తా, రెండూ దీనికే కుట్టెయ్" అంది. అత్తమ్మ ఆ జాకెట్టు తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

"అక్క ఆది చెల్లెకు పనికిరాదు. మీ చెల్లెను తోలియ్యి."

"మేం ట్విన్స్ అత్తా!"

"ఒక్క కడుపుల పుట్టిండ్రు గని ఒక్క భుజంతోని పుట్టలే. దాని ఎడమ భుజం కిందికుంటది. నేను చూసిన."

ఆ పిల్ల గొణుక్కుంటూ వెళ్ళి చెల్లెల్ని తోలుకొచ్చింది. ఆ రోజు షాపులో నేనూ ఉన్నాను. ఆమె దగ్గర పనిచేసే రజియా నాకు సైగ చేసి నవ్వింది. రజియా చాలా ఏళ్ళుగా అత్తమ్మ పక్క మిషన్ మీద కుడుతోంది. ఆది సంగతిలో అత్తమ్మ పట్టు చూసి, "ఖుదానే దిగొచ్చి ఆది ఇచ్చినా అక్క వాపస్ చేస్తది" అనేది.

ఇంత పట్టుదల మనిషి ఇంట్లో అడుగుపెట్టగానే మారిపోయేది. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక బిస్కట్ల డబ్బా ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉంటుంది, లేదని అనకండి. ఎవరికో రాసిన మందుల్లో మిగిలినవన్నీ అందులో. జ్వరం గోలీలు, కడుపునొప్పి గోలీలు, సగం కత్తిరించిన స్ట్రిప్పులు, పేరున్నవి, పేరు చిరిగినవి. ఆ డబ్బాకు అధిపతి నాన్న. ఎవరికి ఏం వచ్చినా మూత తీసి, వెలుతురుకు పెట్టి చదివి, ఒకటి తుంచి చేతిలో పెడతాడు. "నాకు పడ్డది, నీకు కూడ పడ్తది" అంటాడు. మా ఇంట్లో మందు పడటం అంటే అది. ఒకరికి పడితే అందరికీ పడినట్టే. ఒకే రక్తం కదా.

నాన్నకు వయసులో ఉన్నప్పుడు నారాయణగూడ దగ్గర స్కూటరు మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి ఫిట్స్. దానికి రోజూ ఒక గోలి వేసుకుంటాడు. దాని పేరు కార్బమజెపిన్. వేసుకున్నంత కాలం ఫిట్స్ రావు. మా ఇంట్లో దాన్నెవరూ పేరుతో పిలవరు. నాన్న గోలి అంటాం మేము. అత్తమ్మకైతే అది అన్న గోలి. ఊరికి పోయేటప్పుడు "అన్న గోలి పెట్టినవా?" అని ఆమే అందరికన్నా ముందు గుర్తుచేసేది.

వినాయక చవితి పందిళ్ళు లేస్తున్న రోజుల్లో ఆమెకు కుడి చెంపలో నొప్పి మొదలైంది. కరెంటు కొట్టినట్టు వచ్చి పోయేది. దారం పెదవికి తగిలితే చాలు, చెంప పట్టుకుని బల్ల మీదికి వాలిపోయేది. పన్ను అనుకుని పన్ను తీయించుకుంది. నొప్పి పోలేదు, పన్ను పోయింది. సందు చివర డాక్టరు చూసి, ఇది మొహం నరానికి వచ్చే నొప్పిలా ఉంది, నరాల డాక్టరుకు చూపించుకోమన్నాడు. నారాయణగూడలో నాన్నను చూసే డాక్టరమ్మ ఉండనే ఉంది. "బతుకమ్మ బట్టలన్ని ఇచ్చినంక పోత" అంది అత్తమ్మ. రజియా బతిమాలింది. "నేను కుడ్త అక్కా, మీరు పోన్రి." వినలేదు. సూదులు పెదాల్లో పెట్టుకోవడం మానేసి జాకెట్టు భుజానికి గుచ్చుకుంది. మాట్లాడటం తగ్గించింది. షాపు మూగదైపోయింది.

చెల్లెలు అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి భయంతో దించేస్తుంటే చూడలేకపోయాడు నాన్న. తన గోలి ఈ నొప్పికి కూడా ఇస్తారని ఆయనకు ఎప్పుడో తన డాక్టరమ్మే మాటల్లో చెప్పింది. ఒకరోజు పొద్దున చాయ్ దగ్గర తన స్ట్రిప్పులోంచి కొన్ని గోలీలు కత్తెరతో కత్తిరించి ఆమె ముందు పెట్టాడు.

"ఏస్కో. నాకు గిన్నేండ్ల సంది పడ్తుంది."

"నీది నాకు పడ్తదా అన్నా?"

"ఒక్క తల్లి పాలు తాగినోళ్ళం. నాకు పడ్డది నీకెందుకు పడదే?"

ఆమె వేసుకుంది. కవల పిల్లలకు ఒకరి ఆది ఒకరికి పనికిరాదన్న మనిషి, అన్న ఇచ్చిన గోలి చాయ్‌తో మింగేసింది. నాన్న మాటలో తప్పు ఉంటుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఆ రోజు మా ఎవరికీ తోచలేదు.

ఇంకా ఘోరం ఏమిటంటే, నొప్పి తగ్గింది. కొద్ది రోజుల్లోనే తగ్గింది. ఒక ఆదివారం అమ్మ సర్వపిండి చేస్తే, అత్తమ్మ కుడి దవడతో కరకరా నములుతూ మాకు చూపించింది. "సూడున్రి, సూడున్రి, ఈ పక్కన తింటున్న!" చిన్నపిల్లలా నవ్వింది. నాన్న గర్వంగా మీసం తడుముకున్నాడు. మళ్ళీ సూదులు పెదాల మధ్యకు వచ్చాయి. 

గోలి మొదలుపెట్టిన రెండు వారాలకు జ్వరం వచ్చింది. కళ్ళు మండి ఎర్రబడ్డాయి. గొంతు నొప్పి, నోట్లో పుండ్లు. ఊరంతా జ్వరాలే ఆ రోజుల్లో. రజియా ఆమెను సందు చివర డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన అడగాల్సిందే అడిగాడు. "ఇంకేమైనా మందులు వాడుతున్నరా అమ్మా?" అత్తమ్మ "లేదు సార్" అంది. జ్వరానికి గోలీలు, కళ్ళలోకి చుక్కల మందు రాసిచ్చాడు. ఆ సంగతి రజియా నాకు తరువాత చెప్పి తల బాదుకుంది. "అక్క అబద్ధం చెప్పలే బిడ్డ. గది మందు అని ఆమెకు అనిపియ్యలే. అన్న గోలి గదా!"

అవును. చెల్లెలికి అన్న ఇచ్చేది మందు ఎలా అవుతుంది? ఇంట్లో అన్నం లాంటిది అది. దాన్ని డాక్టరుకు చెప్పాలని ఎవరికి తడుతుంది? జ్వరంలో కూడా ఆ గోలి మానలేదు ఆమె. మానితే చెంప నొప్పి తిరిగి వస్తుందని భయం.

పెదాలు పగిలాయి. ఛాతీ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. అమ్మవారేమో అని అమ్మ వేపాకు తెచ్చింది. మచ్చలు బొబ్బలయ్యాయి. ఆటోలో ఎక్కించడానికి నేను చెయ్యి పట్టుకుంటే అత్తమ్మ కెవ్వుమంది. ఆమె ముంజేతి చర్మం నా వేళ్ళ కింద జరిగింది. ఇంతకన్నా రాయను. రాయలేను.

ఆసుపత్రిలో డాక్టరు చూడగానే మొదటి మాటగా, "ఈ మధ్య కొత్తగా ఏ మందైనా మొదలుపెట్టారా?" అని అడిగాడు. నాన్న చెయ్యి నెమ్మదిగా చొక్కా జేబులోకి పోయింది. తన స్ట్రిప్పు బయటికి తీశాడు. "గిది... నాది" అన్నాడు. డాక్టరు ఆ పేరు చదివి ఇంకేమీ అడగలేదు. గోలి వెంటనే ఆపించి కాలిన రోగుల వార్డుకు పంపించాడు. ఒంటి మీద చర్మం ఊడిపోయినప్పుడు కాలినవాళ్ళకు చేసే వైద్యమే చేయాలట. నాన్న ఆ స్ట్రిప్పు పట్టుకుని వరండాలో అలాగే నిలబడిపోయాడు.

వార్డులో ఆమె కళ్ళు అతుక్కుపోయి ఉండేవి. నర్సు తడి దూదితో తుడిస్తే కాసేపు తెరిచేది. ముట్టుకోవడానికి చోటు లేదు. నేను పక్కన కుర్చీలో కూర్చుని షాపు కబుర్లు చెప్పేదాన్ని. ఎవరి జాకెట్టు అయింది, ఎవరిది రజియా పూర్తి చేసింది, ఎవరు బోనస్‌గా స్వీట్లు తెచ్చారు. ఒక మధ్యాహ్నం పుండ్లు పడిన పెదాలు కదిపింది. వంగి విన్నాను.

"గోలితోనే అయ్యిందట గదా."

నేను ఇంకా దగ్గరికి వంగాను.

"అన్నకు చెప్పకు. సస్తడు."

చెప్పను అత్తమ్మా అన్నాను. వరండాలో, గోడకు అవతల, నాన్న ఆ స్ట్రిప్పుతో నిలబడే ఉన్నాడు. ఆయనకు అప్పటికే తెలుసని ఆమెకు తెలియకుండానే పోయింది. అదొక్కటే ఆమెకు మేం ఇవ్వగలిగింది. ఇంకేమీ ఇవ్వలేకపోయాం. దేవుళ్ళందరికీ మొక్కాను, నాకు నమ్మకం లేని దేవుళ్ళకు కూడా మొక్కాను. ఒంటికి సరిపోయేలా ఊరందరికీ కుట్టిన మనిషికి ఒంటి మీద చర్మం నిలబడలేదు.

ఆమె పోయిన సాయంత్రం మా వీధిలో బతుకమ్మ ఆడలేదు. పేర్చిన పూలు పేర్చినట్టే గడపల్లో వడిలిపోయాయి.

కర్మలు అయిపోయాక కొన్ని రోజులకు నాన్న స్నానానికి పోతూ గుమ్మంలో పడిపోయాడు. ఫిట్స్. ఎన్నో ఏళ్ళ తరువాత. నురగ, బిగిసిన దవడ, తెల్లబడిన కళ్ళు, అన్నీ మళ్ళీ. తేరుకున్నాక జేబులు వెతికితే స్ట్రిప్పు అలాగే ఉంది. చెల్లెలు పోయిన రోజు నుంచి ఒక్క గోలి వేసుకోలేదు ఆయన.

"నా చెల్లెను తిన్న గోలి నేనెట్ల మింగాలె?" అన్నాడు.

నారాయణగూడ డాక్టరమ్మ దగ్గరికి దాదాపు ఈడ్చుకుపోయాం. ఆవిడ వాళ్ళది కృష్ణా జిల్లా వైపు, మెత్తగా మాట్లాడుతుంది. ఇలా ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వరసగా వచ్చి ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. నాన్న నేల చూస్తూ కూర్చున్నాడు. నేనే అడిగాను, ఒకే అమ్మా నాన్నకు పుట్టిన వాళ్ళకు ఒకరికి అన్నంలా పట్టింది ఇంకొకరికి విషమెలా అయిందని.

"మన ఒంట్లో కణాల మీద కొన్ని గుర్తులుంటాయండి" అంది ఆవిడ. "కాపలా కాసే తెల్లకణాలు ఆ గుర్తుల్ని చూసే ఇది మనది, ఇది పరాయిది అని తేల్చుకుంటాయి. ఆ గుర్తులు జన్యువుల్ని బట్టి వస్తాయి. అమ్మ దగ్గర రెండు వరసలుంటాయి, నాన్న దగ్గర రెండు. బిడ్డకి ఒక్కొక్కరి నుంచి ఒక్క వరసే వస్తుంది. అన్నయ్యకి వచ్చిందే చెల్లెలికి రావాలని లేదు. కొందరికి ఉండే ఒక రకం గుర్తుకి ఈ మందు వెళ్ళి అతుక్కుంటుంది. అప్పుడు కాపలా కణాలకి ఆ మనిషి సొంత చర్మమే పరాయిదిగా కనిపిస్తుంది. దాని మీద పడతాయి."

"ఆ గుర్తున్న వాళ్ళందరికీ ఇట్లనే అయితదా మేడం?"

"లేదండి. చాలామందికి ఏమీ అవ్వదు. ఒక్కోసారి ఆ గుర్తు లేకపోయినా వస్తుంది. కానీ ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. ముందే రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తుంది, వేరే మందు ఇవ్వొచ్చు." పెన్ను పక్కన పెట్టింది. "మీ అత్తయ్యగారు నా దగ్గరికి వచ్చినా నేనూ బహుశా ఈ మందే రాసేదాన్ని. ముందు ఆ పరీక్ష చేయించేదాన్నా అంటే, నిజం చెప్పాలి, తెలీదండి. ఇక మీదట చేయిస్తాను."

ఆ మాటకు ఆవిడ మీద నాకు కోపం రావాలి. రాలేదు. కోపమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్న రోజులు అవి. మందు మీదా? నానమ్మ తాతయ్యల రక్తం మీదా? మా ఫ్రిజ్ మీది డబ్బా మీదా? ఆ డబ్బా మాత్రం ఇంటికి రాగానే చెత్తలో పారేశాను. మీదీ పారేయండి. ఒకరి పేరున రాసింది ఇంకొకరికి తుంచి ఇవ్వకండి. డాక్టరు అడిగినప్పుడు అన్న ఇచ్చింది, వదిన ఇచ్చింది, పక్కింటావిడ ఇచ్చింది, అన్నీ చెప్పండి. కొత్త మందు మొదలుపెట్టాక జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళ మంట, ఒంటి మీద మచ్చలు వస్తే వైరల్ జ్వరమని ఇంట్లో కూర్చోకండి. దండం పెడతాను.

ఆసుపత్రిలో అత్తమ్మ నుంచి తీసిన రక్తంలో ఆ గుర్తు ఉందని తేలింది. నాన్నకూ చేయించారు. లేదు. డాక్టరమ్మ సంతోషంగానే చెప్పింది. "మీకు ఆ గుర్తు లేదండి. ఇన్నేళ్ళు పడింది, అదే పెద్ద సాక్ష్యం. సగం గోలితో మళ్ళీ మొదలుపెడదాం. ఇది ఇష్టం లేకపోతే వేరేది ఇస్తాను." నాన్నకు ఆ మాట ఊరట ఇస్తుందనుకున్నాం. ఆయన అక్కడే, ఆవిడ ముందే, చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

"నాకు కూడ ఉంటె మంచిగుండు. గప్పుడు ముందుగాల నేనే పోతుంటి. దానికిచ్చెటోన్నే కాదు."

ఆ రోజు నుంచి పొద్దున లేవడం, సగం గోలి, గ్లాసు నీళ్ళు పట్టుకుని నాన్న ముందు నిలబడటం, ఇదే నా పని. అమ్మ ఏడ్చింది. నేను అరిచాను, బతిమాలాను, అన్నం మానేశాను. ఏ గోలీ వద్దన్నాడు, కొత్తదీ వద్దన్నాడు. ఫిట్స్ మళ్ళీ వచ్చాయి, ఈసారి నుదురు పగిలింది. ఆయన కావాలనే పోతున్నాడని నాకు తెలుసు. చెల్లెలి వెంట పోతున్నాడు. ఒక చావుకు ఏడవడానికి తీరిక లేకుండా ఇంకో చావును రోజూ పొద్దున గ్లాసుతో ఎదుర్కోవడం ఏమిటో అనుభవిస్తే తప్ప తెలియదు.

మొన్న రజియా ఫోన్ చేసింది. షాపులో మిగిలిపోయిన బట్టలు ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తున్నానని, ఒకటి మాత్రం భయ్యా చేతికే ఇవ్వాలని. ప్రతి దసరాకూ అత్తమ్మ నాన్నకు లాల్చీ కుట్టేది. ఆడవాళ్ళవి తప్ప కుట్టని మనిషి, ఈ ఒక్కటీ కుట్టేది. ఏటా కొత్తగా కొలిచేది. "పోయినేడు నువ్వే గదనే కొలిచింది" అని నాన్న విసుక్కుంటే, "పోయినేటి మనిషివి కావు నువ్వు. చేతులు సాపు" అనేది.

నాన్నను చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించాను. కోత బల్ల మీద తెల్లటి కాటన్ ముక్కలు పరిచి ఉన్నాయి. ముందు భాగం, వెనక భాగం, చేతులు. వాటి మీద అత్తమ్మ సుద్దగీతలు. జ్వరం రావడానికి ముందు కోసి పెట్టింది. నాన్న వేలితో ఒక గీత ముట్టుకోబోయి, చెరిగిపోతుందని వెనక్కి తీసుకున్నాడు.

రజియా టేపు మెడలోంచి తీసింది. "చేతులు సాపున్రి భయ్యా. కొలుస్త."

"కొలుసుడెందుకు? నా చెల్లె కోసింది. గట్లనే కుట్టు."

"సగమైన్రు మీరు. గీ కొలతల మీరు లేరు."

"ఉన్నా లేకున్నా గట్లనే కుట్టు."

రజియా కళ్ళు తుడుచుకుంది కానీ గొంతు తగ్గించలేదు. "గట్ల కుట్టద్దని అక్కనే నేర్పింది నాకు. బర్కత్‌పుర పిల్లను వాపస్ తోలింది. ఎవ్వరి ఆది వాళ్ళదే అన్నది. మీరు అన్న అని మిమ్మల్ని ఇడ్సిపెడ్తదా?"

నాన్న సుద్దగీతల వైపు చూశాడు. తరువాత నా వైపు చెయ్యి చాపాడు. ఏం అడుగుతున్నాడో నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా బ్యాగు జిప్పు ఒక పట్టాన రాలేదు. పొద్దున ఆయన వద్దన్న సగం గోలి ఆయన అరచేతిలో పెట్టాను. రజియా తన నీళ్ళ సీసా ఇచ్చింది. ఆయన ఆ సగం ముక్కను చూస్తూ, మాతో కాదు, బల్ల మీది బట్టతో అన్నాడు.

"గిది నాది చెల్లె. నాదొక్కనిదే. నీకియ్య."

మింగాడు. రేపు వేసుకుంటాడో లేదో నాకు తెలియదు. ఎల్లుండి సంగతి అసలే తెలియదు. రేపు పొద్దున మళ్ళీ గ్లాసు పట్టుకుని నిలబడతాను.

ఆయన బల్ల ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు. రజియా ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. ఆయన కడుపు లోపలికి గుంజుకుని ఉన్నాడు, ఏడుపు బయటికి రాకుండా. "గుంజకున్రి భయ్యా, మామూలుగ నిలవడున్రి" అంది రజియా. అది అత్తమ్మ మాట అని ముగ్గురికీ తెలుసు. ఎవరం నవ్వలేదు. రజియా కొలతలు తీసుకుంది, పాత సుద్దగీతల లోపల కొత్త గీతలు గీసింది, టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. కళ్ళు మూసుకుని నాన్న ఇంకా చేతులు చాపే నిలబడి ఉన్నాడు. దించమని మేమిద్దరం చెప్పలేదు.